కర్రలు, కాలిపర్, సైడ్ వీల్స్ బండి: వైజాగ్‌లో రోజూ డ్యూటీకి ఎలాగెళ్ళాలంటే

మా వీధి చివర కుర్రాడికి పోయినేడు బైక్ యాక్సిడెంట్ అయ్యి కుడికాలు మోకాలి కింద నుంచి తీసేశారు. ఆర్నెల్లు ఇంట్లోనే ఉన్నాడు, తర్వాత ఆర్టిఫిషియల్ కాలు పెట్టించుకున్నాడు, ఇప్పుడు ఎక్కడో బిల్లింగ్ ఉద్యోగం దొరికింది, వచ్చే సోమవారం జాయినింగ్. మొన్న రాత్రి మా గేటు పట్టుకుని నిలబడి "అన్నా, నువ్వు ఇన్నేళ్ళ నుంచి ఎలాగ నెట్టుకొస్తున్నావు, నాకు తల్చుకుంటేనే గుండెల్లో దడొచ్చేస్తంది" అన్నాడు. లోపలికి రమ్మని కూర్చోబెట్టి రెండు గంటలు వాగాను, మా ఆవిడ రెండుసార్లు టీ పెట్టింది. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా, ఇంకెవరికైనా పనికొస్తుందేమోనని.

నాకు రెండో ఏట పోలియో. ఎడమ కాలికి నడుం దాకా కాలిపర్, అంటే కాలిని నిలబెట్టే ఇనుప కడ్డీలూ తోలు పట్టీలూ, రెండు చేతుల్లో మోచేతి దగ్గర పట్టు ఉండే ఎల్బో కర్రలు. పోర్టు దగ్గర ఒక షిప్పింగ్ క్లియరింగ్ ఆఫీసులో ఇరవై ఏళ్ళ పైనుంచి కాగితాల పని, అంటే బిల్ ఆఫ్ ఎంట్రీ, షిప్పింగ్ బిల్లు, కంటైనర్ లెక్కలు, అదీ. ఇన్నేళ్ళలో నాకు అర్థమైంది ఒకటే: మనల్ని పిండేసేది ఉద్యోగం కాదు, ఆ ఉద్యోగం దాకా వెళ్ళడం. కుర్చీలో కూర్చున్నాక నేనూ పక్క సీటాయనా ఒకటే, కానీ ఆయన కుర్చీలో కూర్చునేసరికి ఫ్రెష్‌గా ఉంటాడు, నేను అప్పటికే సగం రోజు పని చేసేసి ఉంటాను. అందుకని ముందు దారి సరిచేసుకోండి, పని సంగతి తర్వాత.

దారి సరిచేసుకోవడం అంటే ఏటంటే, జాయిన్ అవ్వకముందే ఆఫీసు చూసి రావాలి. ఇంటర్వ్యూకి పిలిచినప్పుడే ఫోన్లో అడిగేయండి, సిగ్గుపడకండి: "సార్, నేను కర్రలతో నడుస్తాను, ఆఫీసు ఎన్నో ఫ్లోర్, లిఫ్ట్ ఉందా, కరెంటు పోతే లిఫ్ట్ జనరేటర్ మీద నడుస్తుందా, బాత్రూంలో వెస్టర్న్ ఉందా" అని నాలుగు ప్రశ్నలు. అడిగితే ఉద్యోగం ఇవ్వరేమో అని భయపడి నేను మొదట్లో అడిగేవాణ్ణి కాదు. ఒకసారి డాబాగార్డెన్స్ వైపు ఒక ఆఫీసుకి ఇంటర్వ్యూకి వెళ్తే మూడో ఫ్లోరు, లిఫ్ట్ లేదు, 54 మెట్లు, ఎక్కుతూ లెక్కపెట్టాను మరి. పైకెళ్ళేసరికి చొక్కా తడిసి ముద్దయిపోయింది, చేతులు వణుకుతున్నాయి, ఆయన అడిగిన మొదటి ప్రశ్నకి నోట్లోంచి మాట రాలేదు. ఉద్యోగం రాలేదు, ఇచ్చినా రోజూ ఆ 54 మెట్లూ ఎక్కేవాణ్ణా? ఆ రెండు నిమిషాల ఫోన్ చేసుంటే ఆటో డబ్బులైనా మిగిలేవి.

చూడ్డానికి వెళ్ళినప్పుడు మెట్లు ఎన్ని అన్నదొక్కటే చూడకండి. రెయిలింగ్ ఏ వైపు ఉందో చూడండి, మీ బలమైన చెయ్యి వైపు ఉంటే ఎక్కడం తేలిక, అదే రెయిలింగ్ దిగేటప్పుడు బలహీనమైన చేతి వైపుకి వస్తుంది, ఈ లెక్క చాలామందికి తట్టదు. ర్యాంపు ఉందని చెప్తారు, వెళ్ళి చూస్తే బైకులు పైకి ఎక్కించుకోడానికి వేసిన సిమెంటు జారుడుబల్ల ఉంటుంది. ర్యాంపు అంటే ఒక అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడుగు ఉండాలి, అంతకంటే నిటారుగా ఉంటే వీల్‌చైర్ ఒంటరిగా ఎక్కదు. అలాంటి దాని మీద తప్పనిసరిగా దిగాల్సొస్తే వెనక్కి తిరిగి, అంటే వీపు కిందకి పెట్టి, వెనకాల ఒక మనిషిని ఉంచుకుని దిగండి.

మన ఊరు అందంగా ఉంటుంది గానీ కాలు లేనోడికి కొంచెం కఠినమైన ఊరే, అంతా ఎత్తుపల్లాలు. బీచ్ రోడ్డు, ఎంవీపీ సెక్టార్లు, పోర్టు ఏరియా చదునుగా ఉంటాయి, అదే రుషికొండ ఐటీ హిల్స్ మీద ఆఫీసు అయితే గేటు నుంచి బిల్డింగ్ దాకా కూడా ఎక్కుడే. అక్కడ జాబ్ వస్తే వద్దనమని కాదు, బండి బిల్డింగ్ ముందు దాకా రానిస్తారా అని ముందే ఖాయం చేసుకోండి. ఇల్లు విషయంలో నాది ఒకటే మాట, అద్దె రెండు మూడు వేలు ఎక్కువైనా ఆఫీసుకి దగ్గర్లో తీసుకోండి. నేను పెందుర్తిలో ఉన్నప్పుడు అద్దె మిగిలింది గానీ వెళ్ళి రావడానికే ఒళ్ళు హూనమయ్యి ఆదివారం మొత్తం మంచం మీదే పోయేది. మర్రిపాలెం వచ్చాక ఆదివారాలు నాకు తిరిగొచ్చాయి.

ఇప్పుడు బండి. నన్నడిగితే ఉద్యోగానికంటే ముందు సైడ్ వీల్స్ బండి నేర్చుకోమంటాను. గేర్లు లేని స్కూటర్ అయితే రెండు బ్రేకులూ చేతికే ఉంటాయి, కాలితో పనే లేదు, వెనక రెండు వైపులా చక్రాలు వేయిస్తారు. వేయించాక ఆ మార్పు ఆర్సీలో ఎక్కించుకోవడం మాత్రం మర్చిపోకండి, కాగితం లేకుండా తిరిగితే రేపు యాక్సిడెంట్ అయినప్పుడు ఇన్సూరెన్స్ దగ్గర గొడవ. లైసెన్సు కూడా మనకి వేరేగా ఉంటుంది, పాత రోజుల్లో ఇన్వాలిడ్ క్యారేజ్ అనేవారు, వినడానికే ఒళ్ళు మండేది, 2019లో చట్టం మార్చి అడాప్టెడ్ వెహికల్ అన్నారు. టెస్టుకి మన బండే తీసుకెళ్ళాలి. రోడ్ టాక్స్ మినహాయింపు సంగతి కూడా ఆర్టీఓ ఆఫీసులోనే అడిగేయండి, అడక్కపోతే ఎవరూ చెప్పరు.

నడపడంలో ఒక్క తేడా ఉంది, అది తెలియక నేను మొదటి నెలలోనే బోల్తా పడ్డాను. రెండు చక్రాల బండి మలుపులో వంగుతుంది, సైడ్ వీల్స్ బండి వంగదు, కాబట్టి స్పీడుగా తిప్పితే మలుపుకి అవతలి వైపుకి మనిషిని విసిరేస్తుంది. మలుపుకి ముందే స్లో చెయ్యాలి, ఒళ్ళు మలుపు లోపలి వైపుకి వంచాలి. స్పీడ్ బ్రేకర్ ఏటవాలుగా ఎక్కకూడదు, ఒక పక్క చక్రం లేచిపోద్ది, తిన్నగానే ఎక్కాలి. రోడ్డు అంచు పల్లంగా ఉన్నచోట పక్క చక్రం గుంటలో దిగితే బండి మొత్తం అటు ఒరుగుతుంది, అందుకని అంచుకి పోకుండా కొంచెం మధ్యలోనే వెళ్ళండి, వెనకోడు హారన్ కొట్టుకుంటే కొట్టుకోనీండి. కర్రలు పెట్టుకోడానికి ప్లంబర్ దగ్గర మూడించుల పీవీసీ పైపు ముక్క అడిగి తెచ్చి వెల్డింగ్ షాపులో క్లాంపు వేయించి సీటు పక్కన బిగించుకున్నాను, కింద మూత పెట్టి చిన్న కన్నం కొట్టించాను, లేకపోతే వానాకాలం అందులో నీళ్ళు నిండి కర్ర తీసినప్పుడల్లా ప్యాంటు తడిచేది.

వీల్‌చైర్ వాళ్ళకైతే ఇప్పుడు కుర్చీకి ముందు తగిలించుకునే మోటారు చక్రాలు వచ్చాయి, ఐఐటీ మద్రాసులో పుట్టిన నియోబోల్ట్ లాంటివి, తగిలిస్తే కుర్చీయే బండి అయిపోద్ది, ఆఫీసుకి వెళ్ళాక తీసి పక్కన పెట్టేయొచ్చు. ఖరీదే, కానీ రోజూ ఆటోకి పెట్టేది లెక్కేసుకుని చూడండి.

బండి లేని రోజు ఆటో. షేర్ ఆటోలో మధ్యలో ఇరుక్కోకండి, కాలిపర్ మడవాలంటే చోటు కావాలి, అంచు సీటు అడగండి. ఎక్కడం ఎలాగంటే ముందు ఆటోకి వీపు పెట్టి సీటు మీద కూర్చోవాలి, తర్వాత కర్రలు లోపలికి, ఆఖర్న కాళ్ళు. కాలు ముందు పెట్టి ఎక్కబోతే సగంలో ఉండగానే ఆటో కదిలిపోద్ది. సిటీ బస్సు మొదటి మెట్టు ఎత్తు మీకు తెలిసిందే, మనకి రాయితీ ఏముందో కనుక్కుని వాడుకోండి, కానీ రద్దీ టైంలో రోజూ దాని మీదే ఆధారపడి ఉద్యోగం చెయ్యమని మాత్రం నేను చెప్పను. రైలు ప్రయాణాలుంటే రాయితీ కార్డు రైల్వే వాళ్ళ ఫార్మాట్‌లో వేరేగా చేయించుకోవాలి, తోడు లేకుండా ప్రయాణం చెయ్యలేనివాళ్ళకి స్లీపర్, థర్డ్ ఏసీల్లో టికెట్లో 75 శాతం తగ్గుతుంది, తోడొచ్చే మనిషికీ అంతే.

ఇక కర్రల సంగతి, దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మనోళ్ళు కాలికి పెట్టే శ్రద్ధలో పదో వంతు కూడా కర్రకి పెట్టరు. ఎల్బో కర్ర ఎత్తు ఎలా చూసుకోవాలంటే, చెప్పులో బూటో వేసుకుని నిటారుగా నిలబడి చేతులు కిందకి వదిలెయ్యాలి, పిడి సరిగ్గా మణికట్టు గీత దగ్గరకి రావాలి. అప్పుడు పట్టుకుంటే మోచెయ్యి కొంచెం వంగుతుంది, అదే కరెక్టు. చంకలో పెట్టుకునే కర్రలైతే పైభాగానికీ చంకకీ మధ్య రెండు మూడు వేళ్ళ సందు ఉండాలి, బరువు పిడి మీద అంటే చేతుల మీద పడాలి గానీ చంక మీద కాదు. చంక మీద వేలాడితే అక్కడి నరం నొక్కుకుపోయి చెయ్యి తిమ్మిరెక్కడం, మణికట్టు వాలిపోవడం మొదలవుతుంది. కాలు పోయిందని కర్ర పట్టుకుంటే ఆ కర్ర చెయ్యిని కూడా తీసుకుపోయినట్టు అవుతుంది.

కింద రబ్బరు బుష్ ఉంటుంది చూడండి, మన ప్రాణం దాని మీదే ఉంది. నాలుగేళ్ళ క్రితం జూలైలో, పొద్దున్నుంచి ముసురు, నేను వేరే పని మీద ఒక పెద్ద ఆఫీసుకి వెళ్ళాను, పేరెందుకులెండి, లాబీ అంతా అద్దంలాంటి నున్నటి రాయి. లోపలికొచ్చేవాళ్ళ గొడుగుల నీళ్ళు, పైన తుడిచే ఆవిడ తడి మాపు. కుడి కర్ర పెట్టాను, అది నా కింద నుంచి నిశ్శబ్దంగా ముందుకెళ్ళిపోయింది. తర్వాత నాకు గుర్తున్నది కాలిపర్ ఇనుము నేలకి తగిలిన చప్పుడొక్కటే, హాలు మొత్తం తిరిగి చూశారు. మణికట్టు చిట్లింది, ఆరు వారాలు కట్టు, రెండు చేతులూ కావాల్సినోడికి ఒక చెయ్యి లేకపోతే ఎలాగుంటుందో ఆలోచించండి, మంచం మీంచి లేవడానికి కూడా మా ఆవిడ రావాల్సొచ్చింది. ఇంటికెళ్ళి బుష్ తిప్పి చూస్తే అడుగున గుండ్రటి గీతలుంటాయి కదా, అవి ఒక్కటీ లేవు, బోడిగుండులా అరిగిపోయి ఉంది. వంద రూపాయలు కూడా చెయ్యని సామాను. నేల తప్పు ఉంది, సరే, కానీ ఆ బుష్ మార్చాల్సింది నేనే.

అప్పట్నుంచి ప్రతి నెలా ఒకటో తారీఖు కర్ర తిరగేసి చూస్తాను, గీతలు మాసిపోతే ఆ రోజే మారుస్తాను, బండి డిక్కీలో ఒక జత ఎప్పుడూ ఉంటుంది. వానాకాలంలో బిల్డింగ్ లోపలికి వెళ్ళగానే గుమ్మం దగ్గర పట్టా మీద రెండు బుష్‌లూ ఒత్తి తుడుచుకుంటాను, జనం బూట్లు తుడుచుకుంటారే అలాగ. తడి నేల మీద కర్రలు దూరంగా చాపకుండా దగ్గర దగ్గరగా, నిటారుగా పెట్టాలి, అడుగు చిన్నది వెయ్యాలి. మెట్లకి పాత సూత్రమే, ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు కర్రలూ బలం లేని కాలూ ముందు. పడతామని తెలిసిపోయిన క్షణంలో కర్రల్ని పక్కకి వదిలెయ్యాలి, పట్టుకునే పడితే వాటి మీదే పడతాం. పడ్డాక గబుక్కున లేవకండి, ఎవరైనా చెయ్యిచ్చి లాగబోతే "ఒక్క నిమిషం ఆగండి" అని గట్టిగా చెప్పండి, ఎక్కడ నొప్పుందో చూసుకుని, పక్కకి దొర్లి, ఒక కుర్చీ తెప్పించుకుని దాన్ని పట్టుకుని లేవండి. ఫిజియోథెరపిస్ట్ దగ్గర పరుపు మీద పడటం ప్రాక్టీస్ చేయిస్తారు, నవ్వులాటలా ఉంటుంది గానీ చేయించుకోండి.

సముద్రం పక్కన ఉన్నందుకు మనకి ఇంకో జరిమానా ఉంది, తుప్పు. ఉప్పుగాలికి కాలిపర్ మోకాలి లాక్, వీల్‌చైర్ బేరింగులు, కర్ర అడ్జస్ట్ చేసే బటన్లు అన్నీ పట్టేస్తాయి. ఆదివారం పొద్దున్న కుట్టు మిషను నూనె ఒక్కో చుక్క వేసి గుడ్డతో తుడిచేస్తే చాలు. వీల్‌చైర్ ముందు చిన్న చక్రాల ఇరుసుకి వెంట్రుకలు, దారాలు చుట్టుకుంటాయి, కుర్చీ ఒక పక్కకి లాగుతుంటే ముందు అక్కడ చూడండి. చెమట ఇంకో బాధ. మే నెలలో కాలిపర్ తోలు పట్టీ కింద చర్మం ఉడికిపోయి ఒరుసుకుపోతుంది, లోపల పొడుగు కాటన్ సాక్స్ వేసుకుని మధ్యాహ్నం ఒకసారి మార్చుకుంటే సగం బాధ పోద్ది. మా వీధి కుర్రాడికి కూడా చెప్పాను, ఆర్టిఫిషియల్ కాలు ఉన్నోళ్ళు లంచ్‌లో ఒకసారి తీసి, మిగిలిన కాలి మొండి తుడిచి ఆరబెట్టుకుని మళ్ళీ తొడుక్కోవాలి, లైనర్, అంటే లోపల వేసుకునే మెత్తటి తొడుగు, ప్రతి రాత్రీ కడగాలి, సాయంత్రానికి కాలు లోపల వదులైనట్టుంటే ఇంకో సాక్ పొర వెయ్యాలి. ఎర్రగా కందిన చోటు అరగంటకి కూడా మామూలు అవ్వకపోతే ఆ రోజుకి కాలు పెట్టకుండా కర్రలతో గడిపెయ్యండి, ఒక రోజు మొండికేస్తే పుండై నెల రోజులు కూర్చోబెడుతుంది. వెన్నుపూస దెబ్బతిని స్పర్శ లేనివాళ్ళు ఇంకా జాగ్రత్త, కుర్చీలో పావుగంటకీ ఇరవై నిమిషాలకీ ఒకసారి ముందుకి వంగో పక్కకి ఒరిగో పిరుదుల మీద బరువు తీసెయ్యాలి, ఫోన్లో అలారం పెట్టుకోండి, మీటింగ్‌లో మోగినా ఫర్వాలేదు.

ఆఫీసులో సీటు. చక్రాల కుర్చీ బావుంటుంది, రాక్ దగ్గరకీ ప్రింటర్ దగ్గరకీ లేవకుండా జారుకుంటూ వెళ్ళొచ్చు, కానీ లేచేటప్పుడు అదే వెనక్కి పారిపోద్ది. అందుకని చేతులున్న కుర్చీ తీసుకుని, లేచే ముందు గోడకి ఆనించండి. ఎత్తు కొంచెం ఎక్కువ పెట్టించుకుంటే లేవడం తేలిక, కాళ్ళు వేలాడకుండా కింద చిన్న పీట వేసుకోండి. బ్యాగ్ వీపుకి తగిలించుకునేదే, పక్కకి వేలాడే బ్యాగ్ ఊగి ఊగి కర్రకి తగిలి బ్యాలెన్స్ తప్పిస్తుంది.

టీ గురించి చెప్పాలి. వినడానికి చిన్న విషయం, నాకు ఐదేళ్ళు పట్టింది పరిష్కారం దొరకడానికి. రెండు చేతుల్లోనూ కర్రలుంటే ప్యాంట్రీ నుంచి సీటు దాకా టీ గ్లాసు ఎలా తెచ్చుకుంటారు? మొదట్లో ఆఫీస్ బాయ్‌ని అడిగేవాణ్ణి, వాడు తెచ్చేవాడే పాపం, కానీ వాడు లేనప్పుడు తాగకుండా ఊరుకునేవాణ్ణి, ఎవర్నో అడగాలి కదా అని. తర్వాత గట్టి మూత తిరిగే చిన్న స్టీలు ఫ్లాస్క్ కొనుక్కున్నాను, ప్యాంట్రీలో నింపుకోవడం, మూత బిగించడం, వీపు బ్యాగులో పడెయ్యడం, సీటుకొచ్చి పోసుకోవడం. ఇప్పుడు పక్క సీటాయనకి కూడా నేనే తెస్తాను టీ. ఏదైనా చెయ్యలేకపోతున్నారంటే చాలాసార్లు దానికి మూత ఉన్న గిన్నె ఒకటి ఎక్కడో ఉంటుంది, వెతకండి.

బాత్రూం గురించి ఎవరూ మాట్లాడరు. మనలో చాలామంది, ఆడవాళ్ళు మరీనూ, ఆఫీసులో బాత్రూంకి వెళ్ళలేక పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్ళు తాగడం మానేస్తారు. ఈ ఉక్కలో అలా చేస్తే యూరిన్ ఇన్ఫెక్షన్లు, రాళ్ళు, ఖాయం. ఒక వెస్టర్న్ కమోడ్, పక్క గోడకి అడ్డంగా ఒక స్టీలు పైపు, తలుపు బయటికి తెరుచుకునేలా మార్చడం, ఈ మూడే అడగండి. తలుపు సంగతి ఎందుకంటే లోపల పడిపోతే మన ఒళ్ళే అడ్డం పడి తలుపు లోపలికి తెరుచుకోదు, బయటోళ్ళు వచ్చి తీయలేరు. గొళ్ళెం కూడా బయట నుంచి తీయగలిగేది ఉంటే మంచిది.

అడగడం ఎలాగ అంటే, నోటితో కాదు, మెయిల్లో. "దయచేసి సాయం చెయ్యండి" అని కాదు, ఫలానా చోట ఫలానా సామాను పెడితే నా పని ఫలానా విధంగా సాగుతుంది అని, ఖర్చు అంచనాతో సహా. నేను పైపుకీ కమోడ్‌కీ ప్లంబర్ చేత కొటేషన్ రాయించి జత చేశాను, వారంలో పని అయిపోయింది. అవతల మొండికేస్తే చట్టం ఉంది, 2016 దివ్యాంగుల హక్కుల చట్టం, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. మన ఇబ్బందికి తగ్గ సదుపాయం చెయ్యడం అందులో హక్కుగా రాసి ఉంది, ప్రైవేటు సంస్థలకి కూడా సమాన అవకాశాల పాలసీ ఉండాలని ఉంది. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే ప్రభుత్వ సంస్థ ఆ మనిషిని తీసెయ్యకూడదు, హోదా తగ్గించకూడదు, ఆ పని చెయ్యలేకపోతే అదే జీతంతో వేరే పోస్టులోకి మార్చాలి. స్టీల్ ప్లాంట్, పోర్టు, రైల్వే ఉన్న ఊరు మనది, ఈ ముక్క ఎంతమందికి అవసరమో. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్, అందులో 1 శాతం మన లాంటి కదలిక ఇబ్బంది ఉన్నవాళ్ళకి. అయితే మొదటి మెయిల్లోనే చట్టం సెక్షన్లు పెట్టకండి, అది ఆఖరి కర్ర.

ఇవన్నీ కావాలంటే కాగితం కావాలి. సదరం అంటే వైకల్యం ఎంత శాతమో చూసి సర్టిఫికెట్ ఇచ్చే పరీక్ష, దానికి స్లాటు సచివాలయంలోనో మీసేవలోనో బుక్ చేసుకుని, చెప్పిన రోజున చెప్పిన ఆసుపత్రికి వెళ్ళాలి. పాత ఎక్స్‌రేలు, ఆపరేషన్ డిశ్చార్జి కాగితాలు అన్నీ తారీఖు వరసలో ఒక ఫైల్లో పెట్టుకెళ్ళండి, రోజూ వాడే కర్రలూ కాలిపర్‌తోనే వెళ్ళండి. కనీసం 40 శాతం ఉంటేనే రిజర్వేషన్ లాంటివి దక్కుతాయి. శాతం తక్కువ వేశారనిపిస్తే అప్పీలు చేసుకునే వీలు చట్టంలోనే ఉంది. దేశం మొత్తం చెల్లే దివ్యాంగుల గుర్తింపు కార్డు, యూడీఐడీ, కూడా తీసుకోండి. పెన్షన్ 2024 జూలై నుంచి నెలకి 6,000 అయ్యింది, జీతం వచ్చే ఇంటికి అర్హత ఉందో లేదో సచివాలయంలో కనుక్కుని అప్పుడు లెక్కేసుకోండి. ప్రభుత్వ కాగితాల్లో మనల్ని విభిన్న ప్రతిభావంతులు అంటారు, కేంద్రం దివ్యాంగులు అంటుంది, మా అమ్మ ఇప్పటికీ "మా కుంటి నాయన" అంటుంది. నాకు మూడూ ఒకటే, లిఫ్ట్ పనిచేస్తే చాలు.

జీతం తీసుకునేవాళ్ళు పన్ను దగ్గర వదిలేసుకునేవి రెండు. పాత పన్ను విధానంలో వైకల్యం ఉన్నందుకు 75,000, అది 80 శాతమో అంతకంటే ఎక్కువో అయితే 1,25,000 ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చు. రెండోది చాలామందికి తెలీదు, ఆఫీసు వాళ్ళు జీతంలో కొంత రవాణా భత్యంగా చూపిస్తే మనకి ఒక పరిమితి దాకా దాని మీద పన్ను ఉండదు, కొత్త విధానంలో కూడా. మా అకౌంటెంట్‌కి నేను చెప్తే గానీ తెలీలేదు. సొంతంగా జిరాక్స్ సెంటర్ లాంటిది పెట్టుకోవాలనుకునేవాళ్ళు పీఎంఈజీపీ అనే కేంద్ర ప్రభుత్వ సబ్సిడీ లోన్ అడగండి, మన వాటా 5 శాతం పెడితే చాలు, సబ్సిడీ టౌన్లో 25 శాతం, పల్లెల్లో 35 శాతం.

మనుషుల సంగతి. మన ఊరోళ్ళు మంచోళ్ళే, ఆ మంచితనంతోనే పడేస్తారు. మెట్లు దిగుతుంటే వెనక నుంచి వచ్చి జబ్బ పట్టుకుంటారు, కర్ర ఉన్న చెయ్యి పట్టుకుంటే కర్ర కదలదు, ఇద్దరం దొర్లుతాం. "వద్దండీ" అంటే చిన్నబుచ్చుకుంటారు. నేను ఇలాగంటాను: "మీరు పట్టుకోకండి బాబూ, నా ఎడమ పక్క ఒక మెట్టు కింద నిలబడండి, నేనే మీ భుజం పట్టుకుంటాను". పని చెప్పేసరికి ఆయనకీ సంతోషం, నాకూ పని అవుతుంది. "ఇంట్లో కూర్చోక ఎందుకమ్మా నీకీ తిప్పలు" అనే పెద్దావిడలు బస్టాపుల్లో తగుల్తారు, వాళ్ళకి "పిల్ల ఫీజు కట్టాలి పిన్నీ" అంటే చాలు, ఇంక మాట్లాడరు.

ఆఖరుగా పోలియో వాళ్ళకి ఒక మాట. నలభై దాటాక నాకు మంచి కాలు కూడా బరువెక్కడం మొదలైంది, సాయంత్రానికి చేతులు లేచేవి కాదు, బద్ధకం అనుకుని ఇంకా ఎక్కువ నడిచాను, ఇంకా పాడైంది. పోలియో వచ్చిన ఎన్నో ఏళ్ళకి ఇలా కొత్త నీరసం రావడం ఉంటుందని, పోస్ట్ పోలియో అంటారని డాక్టరు చెప్పాక గానీ తెలీలేదు. దీనికి మందు ఒళ్ళు హూనం చేసుకుని వ్యాయామం చెయ్యడం కాదు, అలసిపోకముందే ఆగడం. పదకొండింటికీ మూడింటికీ పది నిమిషాలు కాళ్ళు చాపుకుంటున్నాను, బరువు తగ్గించుకున్నాను, ఈత మొదలెట్టాను, నీళ్ళల్లో ఒంటికి బరువుండదు గనక. పెద్ద పెద్ద చోట్లకి వీల్‌చైర్ కొనుక్కున్నాను. దాన్ని కొనడానికి రెండేళ్ళు ఏడ్చాను, ఇన్నాళ్ళు నడిచినోణ్ణి ఓడిపోయినట్టు. ఇప్పుడు కర్ర ఒక పనిముట్టు, కుర్చీ ఇంకో పనిముట్టు, అంతే.

కుర్చీ కొత్తగా తీసుకున్నోళ్ళు అలవాటు చేసుకోడానికి తెల్లారగట్ల బీచ్ రోడ్డుకి తీసుకెళ్ళండి, బండ్లు తక్కువ, రోడ్డు చదును, భుజాలకి మంచి ప్రాక్టీసు. ఇసకలోకి మాత్రం ముందుకి తిప్పి దింపకండి, చిన్న చక్రాలు దిగబడిపోతాయి. తప్పదంటే కుర్చీని వెనక్కి తిప్పి, ముందు చక్రాలు గాల్లోకి లేపి ఎవరి చేతనైనా వెనక్కి లాగించుకోండి. నాకు ఈ సంగతి నన్ను బయటికి లాగడానికి వల బాగుచేసుకుంటున్న నలుగురు చేపలోళ్ళు లేచొచ్చిన రోజున తెలిసింది, అందులో ఒకాయన "ముందే సెప్పుంటే పడవ మీద తెచ్చీవోళ్ళం కద సారూ" అని ఒకటే నవ్వు.